పేలుడుకు ముందరి పచ్చరంగు

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను జారీచేసిన ప్రతి ఆదేశానికీ ఒక నంబరు వేశాను. నంబరు లేని మాటను కూలీ అయినా మేనేజరు అయినా గాలిమాటగానే తీసుకుంటారు. నంబరు ఉన్న మాట కోసం గోడవైపు చూస్తారు. కృష్ణకు అవతలి గనుల్లో ఫోర్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ పొందాక, పిడుగురాళ్ల పక్కనున్న ఒక సున్నపురాయి క్వారీ వారు భద్రత చూసేందుకు నన్ను పిలిచినప్పుడు కూడా ఆ అలవాటు మానలేదు. మొదటి వారంలోనే ఎనిమిది ఆదేశాలు రాసి, అట్టలకు అంటించి, గని అంచున ఉన్న రేకుల గది గోడకు వరుసగా తగిలించాను. ఇప్పుడు రాస్తున్నది పదకొండో ఆదేశం గురించి.

ఆ గని మూడు మెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు రెండంతస్తుల మేడంత ఎత్తు. లారీలు దిగే వాలుదారి మొదటి మలుపు తిరగగానే ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. కింద పనిచేసేవాళ్ళకు పైలోకంతో ఉన్న సంబంధం సైరన్ ఒక్కటే. పని పద్ధతి సులభంగా చెప్పవచ్చు. డ్రిల్లు వేసేవాళ్ళు రాతిలో వరుసగా రంధ్రాలు వేస్తారు. బ్లాస్టరు వాటిలో మందు కూర్చి, డిటోనేటర్లు పెట్టి, వైర్లు కలిపి, సైరన్ మోగించి అందరినీ పైకి రప్పించి పేలుస్తాడు. పొగ తగ్గాక ఒక్కడే వెళ్ళి ప్రతి రంధ్రాన్నీ చూస్తాడు. ఎక్కడైనా ఒక రంధ్రం పేలకుండా మిగిలితే ఆ గనిలో దానికంటే పెద్ద ప్రమాదం లేదు. మందు లోపల అలాగే ఉంటుంది. తెలియక దాని పక్కన డ్రిల్లు దించినవాడు మళ్ళీ పైకి రాడు.

అందుకే మా కాలం నుంచీ, ఈ క్వారీలో కూడా, ఎర్ర అట్ట రిజిస్టరు ఉండేది. పేలని రంధ్రం ఉన్నా లేకున్నా, పని ముగించిన షిఫ్టు బ్లాస్టరూ రాబోయే షిఫ్టు డ్రిల్లు మేస్త్రీ ఎదురెదురుగా నిలబడి సంతకాలు చేసేవారు. ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాసి సంతకం చేసేవారు. ఆ రెండు మాటల విలువ నాకు ఆనాడు తెలిసినట్టే ఉండేది. తెలియలేదని తరువాత రుజువైంది.

ఆ క్వారీకి ఒక యువ ఇంజనీరు వచ్చింది. నరసరావుపేటలో చదువుకున్న అమ్మాయి, మాట తక్కువ, పని ఎక్కువ. రిజిస్టర్ల స్థానంలో ఫోను యాప్‌ను తెచ్చింది. గనిలో సిగ్నల్ లేకపోయినా అది పనిచేస్తుంది. కింద ఏది రాసినా ఫోనులోనే దాచుకుని, పైకొచ్చి సిగ్నల్ తగలగానే తనంతట తానే ఆఫీసుకు పంపుతుంది. దాన్నే వాళ్ళు సింక్ అంటారు. రాసిన వివరం పక్కన చిన్న గడియారం బొమ్మ ఉంటే అది ఇంకా ఫోనులోనే ఉన్నట్టు, టిక్కు పడితే ఆఫీసుకు చేరినట్టు. మిగతావాళ్ళ ఫోన్లు ఆఫీసు నుంచి ఆ వివరాన్ని తెచ్చుకుంటాయి. రంధ్రాల పటం తెరమీద చుక్కలుగా కనిపిస్తుంది. మందు కూర్చినవి పసుపు, పేలినవి పచ్చ, పేలనివి ఎరుపు.

నేను వారం రోజులు దాన్ని పరీక్షించాను. అక్షరాల సైజు మార్పించాను, రంధ్రాలకు ఎడమనుంచి కుడికి నంబర్లు వేయించాను. ఆమె ఓపికగా చేసింది. ఒకరోజు మాత్రం అడిగింది.

"సార్, యాప్ వచ్చాక కూడా ఎర్ర రిజిస్టరు కంటిన్యూ చేద్దామా? కొన్నాళ్ళపాటు రెండూ ఉంచితే సేఫ్."

"ఒక విషయానికి రెండు పుస్తకాలు ఉండరాదమ్మా," అన్నాను. "రెండు పుస్తకాలుంటే రెండింటిలోనూ సగం సగం రాస్తారు."

ఆ మాట నేను ముప్పయ్యేళ్ళుగా అంటున్నదే. ఆ సాయంత్రమే రిజిస్టరు చివరి పేజీలో గీత గీసి, తేదీ వేసి, బీరువాలో పెట్టాను. మరో విషయంలో కూడా నిర్ణయం నాదే. పేలిన చుక్కలన్నిటినీ బ్లాస్టరు ఒక్కొక్కటిగా పచ్చ చేయాలా అని ఆమె అడిగింది. రోజూ ఇరవై రంధ్రాలు పేలే చోట ఇరవైసార్లు నొక్కించడం వృథా అనిపించింది. సైరన్ వేళ దాటాక పసుపు చుక్కలు వాటంతట అవే పచ్చగా మారే ఏర్పాటుకు ఒప్పుకున్నాను. పేలనిదాన్ని మాత్రం బ్లాస్టరు ఎర్రగా గుర్తించాలి.

ఇక మిగిలింది ఫోనుకూ డిటోనేటరుకూ ఉన్న వైరం. కరెంటుతో పేలే డిటోనేటరు దగ్గర ఫోను తరంగాలు ఉండకూడదని మేము చదువుకున్నాం. ఫోనును గనిలోకే రానివ్వనని మొదట పట్టుబట్టాను. ఫోను లేకుండా యాప్ ఎలా అని ఇంజనీరు అడిగింది. చివరకు పదకొండో ఆదేశం రాశాను: "గనిలోకి దిగువారు వాలుదారి మొదట నిలిచి తమ ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచవలెను. ఉంచనివారిని దిగనివ్వరాదు." వాలుదారి మొదట ఒక తెల్ల రాయి పాతించి, దానిమీద అదే నంబరు రాయించాను. రేకుల గదిలో కూర్చునే వృద్ధ వాచ్‌మన్‌కు ప్రతివాడి ఫోనులో విమానం బొమ్మ చూసే పని అప్పగించాను.

డ్రిల్లు మేస్త్రీ మాచర్ల వైపు పల్లెవాడు. ఇరవయ్యేళ్ళుగా డ్రిల్లుకు గాలి కొట్టే కంప్రెసరు పక్కన నిలబడి సగం చెవుడు తెచ్చుకున్నవాడు. అందువల్ల మామూలు మాట కూడా అరిచినట్టే ఉంటుంది. తెల్లరాయి దగ్గర ఫోను చూపిస్తూ వాచ్‌మన్‌తో అన్నాడు:

"చూసుకో బాబాయ్, ఇమానం ఎక్కా. టిక్కెట్టు కూడా చూస్తావా ఏంది?"

"నీ మొహానికి ఇమానం ఒకటి. దిగు దిగు."

"సారుకాడ తుమ్మాలన్నా నంబరెయ్యాల. నేను తుమ్మితే పన్నెండో నంబరు రాస్తాడు."

నేను వింటున్నానని అతనికి తెలుసు. వినాలనే అన్నాడు. పనిలో ఉన్న ప్రతివారినీ నేను "మీరు" అనే సంబోధిస్తాను. అతన్ని కూడా. ఆ మర్యాద అతనికి నవ్వు తెప్పించేది.

బ్లాస్టరు పిడుగురాళ్ల పట్టణంలోనే ఉండే ముస్లిం కుటుంబీకుడు. తండ్రీ అదే పని చేశాడు. వేళ్ళు పదీ ఉన్న బ్లాస్టరు మంచి బ్లాస్టరు అని మా వృత్తిలో ఒక మాట. అతనికి పదీ ఉన్నాయి. శుక్రవారం జుమా నమాజుకు వెళ్ళడానికి అనుమతి అడిగితే ఇచ్చాను. ఆ రోజు పేలుడు పన్నెండు పదికి జరిపి, పొగ తగ్గాక తనిఖీ ముగించి, నేరుగా మసీదుకు వెళ్ళవచ్చునని రాసి ఇచ్చాను. రెండో షిఫ్టు రెండింటికి మొదలవుతుంది. ఎదురెదురు సంతకాల పని లేదు గనుక అతను డ్రిల్లు మేస్త్రీ కోసం ఆగవలసిన అవసరం కూడా లేదని అనుకున్నాను.

ఇలా మూడు వారాలు సజావుగా గడిచాయి. నాలుగో శుక్రవారం సంగతి ఇది.

ఆ మధ్యాహ్నం రెండో షిఫ్టు దిగే వేళకు నేను రేకుల గదికి వచ్చాను. నా జేబులో చిన్న డైరీ ఉంటుంది. ప్రతిరోజూ అందులో ఒక పక్క సైరన్ మోగిన వేళ, మరో పక్క యాప్ తెర అడుగున ఉండే వేళ రాసుకునేవాణ్ణి. "చివరిగా అందిన సమాచారం" అని తెర అడుగున బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానివల్ల ఫలానా ఉపయోగం అని చెప్పలేను. రెండు వేళలు కనిపిస్తే రెండూ రాసుకోవడం నా స్వభావం. సైరన్ వేళ పన్నెండు పది. కళ్ళద్దాలు తుడుచుకుని తెరవైపు చూశాను. రెండో మెట్టు మీది రంధ్రాలన్నీ పచ్చగా ఉన్నాయి. కింద వేళ పదకొండు నలభై.

డైరీలో రెండు అంకెలూ పక్కపక్కన రాశాక చేయి ఆగింది. వెనక పేజీలు తిప్పాను. ఏ రోజు చూసినా రెండో వేళ మొదటిదానికంటే తరువాతిదే. ఈరోజు ఒక్కరోజే ముందుది. పన్నెండు పదికి పేలిన రాయి గురించి పదకొండు నలభైకి అందిన కబురు ఏం చెప్పగలదు? పేలుడు తరువాత ఆ గనినుంచి ఒక్క అక్షరం కూడా పైకి రాలేదు. ఆ పచ్చదనం ఎవరూ చూసి చెప్పింది కాదు. గడియారం ముల్లు తిరిగినందుకు దానంతట అది మారిన రంగు.

"డ్రిల్లువాళ్ళు దిగారా?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"దిగి పావుగంటైంది సార్. కంప్రెసరు పెట్టిన సప్పుడు ఇనపళ్ళా?"

వినపడుతోంది. రాయిని తాకిన డ్రిల్లు శబ్దం వేరు, కంప్రెసరు వట్టిగా తిరిగే శబ్దం వేరు. అప్పటికి వట్టిగానే తిరుగుతోంది. ఫోను తీసి మేస్త్రీ నంబరు నొక్కబోయాను. వేలు మధ్యలోనే ఆగిపోయింది. అతని ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉంది. కింద ఉన్న ప్రతివాడి ఫోనూ అలాగే ఉంది. పదకొండో ఆదేశం పరిపూర్ణంగా అమలవుతోంది. బ్లాస్టరు నంబరు నొక్కాను. అందుబాటులో లేదని ఒక స్త్రీ గొంతు నాకు రెండుసార్లు చెప్పింది.

వాలుదారిన దిగాలంటే నా మోకాళ్ళతో ఇరవై నిమిషాలు.

"సైరన్ మోగించండి," అన్నాను.

వాచ్‌మన్ కదల్లేదు. గోడవైపు చూశాడు. అతను చూస్తున్నది నాలుగో అట్ట అని నాకు తెలుసు. పేలుడు లేని వేళ సైరన్ మోగించరాదని అక్షరాలు దిద్దినట్టు రాసింది నేనే.

"ఇప్పుడు బ్లాస్టింగు లేదు గదా సార్. మోగిస్తే ఉద్యోగం తీసేస్తామని మీరే రాశారు."

"అది రాసినవాడినే చెబుతున్నాను. మోగించండి."

"రేపు మీరే మళ్ళా అడుగుతారేమో సార్."

ఆ ముసలాయన్ను పక్కకు జరిపి మీట నేనే నొక్కాను. నా ఉద్యోగ జీవితంలో నా ఆదేశాన్ని నేనే మీరడం అదే మొదటిసారి. సైరన్ అంత సేపు మోగడం ఆ చుట్టుపక్కల ఎవరూ విని ఉండరు. వేలు తీయలేదు. కింద కంప్రెసరు ఆగింది. మనుషులు వాలుదారి ఎక్కుతూ కనిపించేదాకా తీయలేదు.

మొదట పైకొచ్చింది డ్రిల్లు మేస్త్రీయే. ఒళ్ళంతా సున్నపు దుమ్ముతో, రొప్పుతూ వచ్చాడు.

"ఏంది సార్ ఇది? ఇందాకేగా కాల్చింది. మళ్ళా ఏం కాలుస్తన్నారు? మనుషుల్ని గుండె ఆగి సావమంటారా?"

"డ్రిల్లు రాయిమీద పెట్టారా?"

"పెట్టబోతన్నా. రాడ్డు బిగించా, ఇంతలో మీ శంఖం."

"ఎక్కడ?"

"కుడిచేతి చివర. పదిహేడో హోలు ఎనకమాల నుంచి కొత్త వరస. ఫోనులో అన్నీ పచ్చగానే ఉన్నాయిగా." జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. నిజమే. పదిహేడు చుక్కలూ పచ్చగా, వేసవిలో పల్నాట ఎక్కడా కనిపించనంత పచ్చగా ఉన్నాయి.

"బ్లాస్టరు చూసి చెప్పేదాకా ఎవరూ దిగరాదు," అన్నాను.

"ఆయన నమాజుకు పొయ్యాడు. అక్కణ్ణుంచి చుట్టాలింట్లో పెళ్లి. బిరియానీ ముందు ఆయన్ను లేపడం ఎవరి వల్లా కాదు సార్. సాయంత్రందాకా మేం ఎండలో కూసోవాలా?"

"కూర్చోవాలి."

"రాయి లేకపోతే లారీలు ఊరుకోవు. మేనేజరు నన్ను తిడతాడు, మిమ్మల్ని కాదు."

"తిట్టేవారిని నా దగ్గరకు పంపండి."

మేనేజరు ఫోను చేశాడు. తెర పచ్చగానే ఉంది కదా, అనుమానం దేనికని అడిగాడు. తెర చెబుతున్నది పేలుడుకు ముందరి సంగతి అని చెప్పాను. అయినా మామూలుగా ఏమీ ఉండదు కదా అన్నాడు. మామూలుగా ఏమీ ఉండదు కనుకనే భద్రతకు ఒక మనిషిని పెట్టుకున్నారని జవాబిచ్చి ఫోను పెట్టేశాను. ఇంజనీరు ఆఫీసునుంచి బండి మీద వచ్చేసింది. తెర చూసి, నా డైరీ చూసి, మళ్ళీ తెర చూసింది.

"సార్, ఆయన ఫోన్ నుంచి పదకొండు నలభై తర్వాత సింక్ అవ్వలేదు. మందు కూర్చాక డిటోనేటర్ల కోసం పైకొచ్చినప్పుడు అయిందే లాస్ట్. తర్వాత ఆయన ఫోన్ ఆన్‌లైన్‌లోకే రాలేదు."

"వచ్చి ఉంటే పచ్చ మిగిలేదో ఎరుపు అయ్యేదో మనకు తెలియదు. అంతేనా?"

"అంతే సార్. ఏమీ రాకపోతే బాగున్నట్టే చూపించేలా పెట్టాం."

పెట్టాం అన్నది. పెట్టమన్నారు అనలేదు. ఆ మర్యాదను నేను గమనించాను.

ఆమె తన బండిమీద వాచ్‌మన్‌ను ఎక్కించుకుని పట్టణానికి వెళ్ళింది. మసీదు వీధిలో వాచ్‌మన్‌కు తెలియని ఇల్లు లేదు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ డ్రిల్లువాళ్ళు రేకుల గది నీడలో కూర్చుని, నాకు వినపడేలా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. పెద్దసారుకు వయసైంది అన్నాడొకడు. వయసు కాదు, నంబర్లు అయిపోయి ఉంటాయన్నాడు మేస్త్రీ. నేను కుర్చీని తెల్లరాయి పక్కకు జరిపించి, వాలుదారికి అడ్డంగా వేయించుకుని కూర్చున్నాను. ఒకవేళ అన్నీ పేలి ఉంటే ఆ సాయంత్రానికి పిడుగురాళ్ల అంతా నవ్వుతుంది. నవ్వనివ్వాలని ముందే నిశ్చయించుకున్నాను. మేస్త్రీకి మాచర్ల వైపు ఇల్లూ వాకిలీ ఉన్నాయి. రాడ్డు బిగించే వేళకు నేను ఆపాను. రాడ్డు దించాక ఎవరూ ఆపలేరు.

బ్లాస్టరు వాచ్‌మన్‌తో కలిసి వచ్చాడు. తెల్ల లాల్చీ, తలమీద టోపీ, అత్తరు వాసన. దూరం నుంచే కేక వేశాడు.

"పదిహేడుకాడికి ఎవరన్నా పొయ్యారా సార్?"

ఆ ఒక్క ప్రశ్నతో నీడలో కూర్చున్నవాళ్ళు లేచారు.

"పదిహేడు పేలలేదా?" అన్నాను.

"లేదు సార్. వైరు తెగి మందు అట్టాగే ఉంది. ఎర్రగుడ్డ కట్టి కర్ర పాతా. ఫోటో తీసి యాప్‌లో ఎక్కించా గదా. ఎర్ర చుక్క రాలేదా?"

"మీ ఫోను తీయండి."

లాల్చీ జేబులోంచి తీశాడు. తెర పైమూలలో విమానం బొమ్మ. చూసుకుని నుదురు కొట్టుకున్నాడు.

"జుమాకి టైమైపోతందని పైకొచ్చి బండెక్కా. మసీదులో ఎట్టా మోగకూడదు గదా, ఫోను ఫ్లైట్‌లోనే ఉంది, మంచిదేలే అనుకున్నా. ఆ తరవాత పెళ్లింట్లో దాని సంగతే మర్చిపొయ్యా."

అక్కడే, తెల్లరాయి దగ్గర, విమానం బొమ్మ తీయించాను. మేమంతా ఆ చిన్న తెరచుట్టూ నిలబడ్డాం. సిగ్నల్ గీతలు లేచాయి. వివరం పక్కనున్న గడియారం బొమ్మ ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండి, టిక్కుగా మారింది. డ్రిల్లు మేస్త్రీ తన ఫోను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. అతని కళ్ళముందే పదిహేడో చుక్క పచ్చనుంచి ఎరుపైంది. ఆ చుక్కమీద బొటనవేలు పెట్టి, తీసి, మళ్ళీ చూశాడు. తల ఎత్తి బ్లాస్టరుతో అన్నాడు.

"నీ బిరియానీ నా పిండాకూడయ్యేది గదా భాయ్."

బ్లాస్టరు అతని భుజంమీద చేయి వేశాడు. తెల్ల లాల్చీకి సున్నపు దుమ్ము అంటుకున్నా ఇద్దరూ పట్టించుకోలేదు.

నేనూ వాళ్ళిద్దరితో కలిసి దిగాను. మోకాళ్ళ సంగతి పక్కన పెట్టాను. డ్రిల్లు నిలబెట్టిన చోటికీ పదిహేడో రంధ్రానికీ మధ్య మూరెడు దూరం ఉంది. ఎర్రగుడ్డ కర్ర అక్కడే ఉంది, ఎవరూ పీకలేదు. కాని గుడ్డ ఎర్రగా లేదు. ఆ గనిలో ఏ వస్తువైనా గంటలో తెల్లబడుతుంది. డ్రిల్లువాళ్ళు తాము వేసిన రంధ్రాల్లో మట్టి పడకుండా గోనెగుడ్డ చుట్టిన కర్రలు దోపుతారు. దుమ్ము పట్టిన ఈ కర్రా వాటిలో ఒకటిగా కలిసిపోయింది. మేస్త్రీ దాన్ని చూసి తనవాళ్ళు పాతిందే అనుకున్నాడు. ఫోనులో పచ్చ లేకపోతే వంగి చూసేవాణ్ణని చెప్పాడు. నమ్ముతాను. ఇరవయ్యేళ్ళు వంగి చూసినవాడే, ఆరోజు ఫోను చూసింది కదా అని వంగలేదు.

నియమం చెప్పిన దూరంలో, దానికి సమాంతరంగా మరో రంధ్రం వేయించి, మర్నాడు ఉదయం బ్లాస్టరు ఆ మందును పేల్చివేశాడు. ఆ పనికి డ్రిల్లు పట్టింది మేస్త్రీయే. మరొకరికి ఇవ్వనన్నాడు.

ఇక నివేదిక. ప్రమాదం తప్పినా నివేదిక తప్పదు. యాప్‌లో "కారణం" అన్న గడిలో నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి: కార్మికుని పొరపాటు, యంత్ర లోపం, వాతావరణం, ఇతరములు. మేనేజరు మొదటిది ఎంచుకోమన్నాడు. బ్లాస్టరు రేకుల గది గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"నా సర్టిఫికెట్టు పోద్దా సార్?"

"మీరు మరిచిపోయారు. అది రాస్తాను. కాని అది రెండో వాక్యం."

పదకొండో ఆదేశాన్ని గోడమీదనుంచి తీసి బల్లమీద పెట్టుకుని చదివాను. దిగేటప్పుడు ఏం చేయాలో ఉంది. చేయనివాడికి శిక్ష ఉంది. చూసేందుకు ఒక మనిషి ఉన్నాడు. పైకి వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక్క మాట కూడా లేదు. మనుషులను ఫ్లైట్ మోడ్‌లోకి పంపి, తిరిగి తీసుకురావడం రాయలేదు. పైగా ఎదురెదురు సంతకం తీసేసింది నేను. నొక్కకుండానే పచ్చ కావడానికి ఒప్పుకున్నది నేను. జుమాకు నేరుగా వెళ్ళమన్నదీ నేనే.

"ఆదేశ లోపం అన్న గడి కావాలమ్మా," అని ఇంజనీరుతో అన్నాను.

"ఆ ఆప్షన్ లేదు సార్. ఇతరములులో పెట్టి కింద వివరం రాద్దాం."

"ఇతరములు అనేది చెత్తబుట్ట. అందులో వేసింది ఎవరూ చదవరు. గడి పెట్టండి. పెట్టేదాకా నివేదిక ఆగుతుంది."

"మేనేజర్ గారు ఒప్పుకుంటారా?"

"నివేదికమీద సంతకం నాది. గడికి ఆయన ఒప్పుదల అవసరం లేదు."

ఆమె రెండు రోజుల్లో ఆ గడి పెట్టింది. దానితోపాటు నేను అడిగిన మరొకటి కూడా చేసింది. ఇప్పుడు సైరన్ వేళ దాటితే చుక్కలు పచ్చగా మారవు, తెల్లబడతాయి. తెలుపంటే మనకు తెలియదు అని అర్థం. బ్లాస్టరు ఇరవై రంధ్రాలుంటే ఇరవైసార్లు నొక్కుతాడు. అప్పుడే పచ్చ. దిగేటప్పటి నియమాన్ని తనలో కలుపుకుని పన్నెండో ఆదేశం పదకొండోదానిని రద్దు చేసింది. పైకి వచ్చినవాడు తెల్లరాయి దగ్గర ఆగి, విమానం బొమ్మ తీసి, తాను రాసిన ప్రతి వివరానికీ టిక్కు పడేదాకా నిలబడాలి. బ్లాస్టరు అయితే డ్రిల్లు మేస్త్రీ వచ్చేదాకా ఆగాలి. మేస్త్రీ తన ఫోనులోంచి రంధ్రాల నంబర్లు పైకి చదవాలి. బ్లాస్టరు ఔననాలి. ఏమీ లేకపోయినా "ఏమీ లేదు" అనాలి. అందుకోసం శుక్రవారం మేస్త్రీని ఒక గంట ముందుగా రప్పించే ఏర్పాటు చేశాను. జుమా ఆలస్యం కాకుండా పేలుడును పావుగంట ముందుకు జరిపాను. మేస్త్రీ మొదటి శుక్రవారమే గంట ముందు వచ్చి, పదిహేడో నంబరు దగ్గర గొంతు మరింత పెంచి చదివాడు.

నివేదికను ఆఫీసులో కూర్చుని రాయలేదు. జరిగిన చోటే నిలబడి రాయాలన్నది నా పాత పద్ధతి. రెండో మెట్టు మీదికి దిగి, పదిహేడో రంధ్రం ఉండిన చోట నిలబడి, నా ఫోనులో నింపాను. కారణం: ఆదేశ లోపం. ఆదేశం నంబరు: పదకొండు. జారీ చేసినవారు అన్నచోట నా ఉద్యోగ సంఖ్య. రెండో వాక్యంగా బ్లాస్టరు మరుపు. నొక్కితే వివరం పక్కన గడియారం బొమ్మ పడింది.

వాలుదారి ఎక్కేసరికి ఊపిరి ఆడలేదు. నేరుగా రేకుల గదిలోని కుర్చీవైపు నడుస్తున్నాను. వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టాడు.

"సార్, ఇమానం తియ్యలేదు మీరు."

తీశాను.

"టిక్కు పడిందా?"

చూశాను. పడలేదు. ఆ మధ్యాహ్నం సిగ్నల్ బలహీనంగా ఉంది. నీడలో కూర్చున్న డ్రిల్లు మేస్త్రీ ఆ మాట విని, తన సగం చెవుడు గొంతుతో అన్నాడు.

"కుర్చీ ఎయ్యమాక బాబాయ్. పన్నెండో నంబర్లో కుర్చీ లేదు."

లేదు. నిలబడాలనే రాశాను. తెల్లరాయి పక్కన, ఎండలో, ఫోను ఎత్తి పట్టుకుని, గడియారం బొమ్మ మారేదాకా నిలబడ్డాను.